గరుడునికి వేయని గింజ

డేగలు దక్షిణానికి మళ్ళే రోజులు వస్తే నేను మిద్దె ఎక్కను. మోకాళ్ళ నొప్పి అని ఇంట్లో చెబుతాను. నొప్పి మోకాళ్ళలో లేదు. వయసులో ఉన్నప్పుడు ఆడిన ఒక అబద్ధం ఇన్నేళ్ళుగా నా గుండె మీద కూర్చుని ఉంది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

అప్పుడు పుదుచ్చేరి ఫ్రెంచివాళ్ళ ఏలుబడిలో ఉండేది. సముద్రపు ఒడ్డు వీధిలో ఒక ఫ్రెంచి దొరకు పక్షుల పిచ్చి. వానకారు మొదట్లో ఉత్తరం నుంచి వలస వచ్చే డేగలను లెక్కపెట్టడానికి తన మిద్దె మీద ఇద్దరిని పెట్టుకున్నాడు. నన్నూ, వెంకటసామి అన్ననూ. అన్న నాకు తోడబుట్టినవాడు కాదు, మా వీధివాడు. బట్టల మిల్లులో పత్తి దుమ్ము పీల్చి పీల్చి దగ్గు పట్టుకుంటే అది మాని ఇక్కడ చేరాడు. మిద్దె మీది సముద్రపు గాలికి ఆ దగ్గు నెమ్మదించింది. ఆ పని ఆయనకు కూడు మాత్రమే కాదు, ఊపిరి. ఇది నాకు తెలుసు. తెలిసే చేశాను.

ఓడలకు దారి చూపే దీపస్తంభం దాటి దక్షిణానికి పోయిన ప్రతి డేగకూ కుండలో ఒక చింతగింజ వేయాలి. అక్కడక్కడే చక్కర్లు కొట్టే ఊరి గద్దలకు వేయకూడదు. తెల్లతల గరుడపక్షి కనిపిస్తే అన్న చేతులు జోడించి దండం పెట్టేవాడు. గింజ మాత్రం వేసేవాడు కాదు.

"సామి ఈ ఊరాయన రా, దావన పోయే మనిషి కాదు," అని నవ్వేవాడు.

పొద్దున ఆయన వంతు, మధ్యాహ్నం నాది. నేను పెందలాడే పోయి ఆయన పక్కన కూర్చునేవాణ్ణి. డేగలు రాని వేళల్లో అవే గింజలు నేల మీద పేర్చి నాకు తెలుగు అక్షరాలు నేర్పాడు. నేను బడి గడప తొక్కినవాణ్ణి కాదు. తరువాత నేను చదివిన ప్రతి పుస్తకం, అధికారుల మొహాన కొట్టిన ప్రతి అర్జీ, ఆయన పెట్టిన భిక్షే.

ఒక మధ్యాహ్నం ఊరి పక్కనున్న సారం అనే పల్లెలో కుస్తీ పోటీ ఉందని విన్నాను. అన్న ఇంటికి పోగానే నేనూ మిద్దె దిగి పోయాను. సందెవేళకు తిరిగొచ్చి, దొరకు అనుమానం రాకూడదని రెండు పిడికిళ్ళ గింజలు కుండలో పోశాను. ఆ రోజు పొద్దుటి నుంచీ దొర దుర్భిణి పట్టుకుని సముద్రపు ఇసుకలో తిరుగుతున్నాడని నాకేం తెలుసు? ఆకాశంలో ఒక్క డేగ లేదు. కుండలో మాత్రం కుప్ప. ఇవెవరివి అని అడిగాడు.

మధ్యాహ్నం మిద్దె మీద నేను లేనని చెప్పి ఉండవచ్చు. నోరు ఆ దారిన పోలేదు. "పొద్దున వెంకటసామి వేసినవి దొరా. గరుడపక్షి కనిపించినప్పుడల్లా మొక్కి ఒక గింజ వేస్తాడు," అన్నాను.

దొర నమ్మాడు. ఆ జోడించిన చేతులను ఆయనా ఎన్నోసార్లు చూశాడు మరి. "మూఢులు," అన్నాడు. చర్చి ముందు తాను టోపీ తీస్తే భక్తి, మా అన్న చేతులు జోడిస్తే మూఢత్వమా! ఆ మాటకు ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. కాని ఆ మాట ఆయన నోటికి అందించింది ఎవరు? దొర మీది కోపం చాటున ఇన్నేళ్ళు ఎంత సుఖంగా దాక్కున్నాను!

మర్నాడు దొర అన్నను పనిలోంచి తీసేశాడు. అన్న నా వైపు ఒక్కసారి చూశాడు. మెట్లు దిగుతూ ఆగాడు.

"నీ చొక్కాకి సారం ఎర్రమన్ను ఉండాది. కుస్తీలో ఎవురు గెలిచిరి?"

నా తల లేవలేదు. "దొరకు చెప్పకపోతివేంది అన్నా?"

"చెప్తే నిన్ను తరుముతాడు. నీ కోపానికి ఇంగ యాడ పనిస్తారు రా? మిల్లోళ్ళకి నా మొహం తెలుసు. నీ మొహం చూస్తే కొట్లాటకొచ్చినాడనుకుంటారు." నవ్వాడు. నవ్వు దగ్గయింది. "చదువు నిలపొద్దు. ఆదివారం ఇంటికి రా."

ఆయన మళ్ళీ పత్తి దుమ్ములోకి పోయాడు. నేను ఆదివారాలు పోయాను. వదిన అన్నం పెట్టేది, ఆయన పాఠం చెప్పేవాడు, దగ్గు వారం వారం ముదిరేది. ఏ రోజైనా దొర దగ్గరికి పోయి నిజం చెప్పి ఉండవచ్చు. చెబుదాం, చెబుదాం అనుకుంటుండగానే దొర ఓడెక్కి తన దేశం పోయాడు. తరువాత అన్నా పోయాడు. నన్ను క్షమించాడా, ఊరికే భరించాడా? ఆయన ఆ మాట ఎత్తలేదు. నేను ఎత్తనివ్వలేదు. క్షమ సంగతి తెలియదు గాని, నన్ను మనిషిని చేసింది ఆయనే. ఆ కృతజ్ఞత ఎంత నిజమో నా నేరమూ అంతే నిజం. ఒకటి రెండోదాన్ని కొట్టేయదు.

మొన్న ఆయన మనవరాలు వాళ్ళింటికి భోజనానికి పిలిచింది. "మా తాత గరుడునికి గింజలేసి పని పోగొట్టుకునె!" అని చుట్టాలకు చెప్పి ముద్దుగా నవ్వింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు తరువాత నాకు ముద్ద దిగలేదు.

ఆయన ఒక్క గింజా తప్పుగా వేయలేదు. ఆ రెండు పిడికిళ్ళూ నావి. అబద్ధం నాది.

ఆ ఇంట్లోవాళ్ళు అరవ బడిలో చదివినవాళ్ళు, తెలుగు మాటే గాని చదవడం రాదు. రేపు పోయి, ఇక్కడ రాసినదంతా నేనే చదివి వినిపిస్తాను. తరువాత కూర్చోమంటారో, బయటికి పొమ్మంటారో, వాళ్ళ ఇష్టం. మీకు చెప్పాక మాత్రం, ఇన్నాళ్ళకు ఆకలి వేస్తోంది.