వైరు పెట్టని మైకు

మా నాన్న మౌత్ ఆర్గాన్ పెద్దాయన కథ చెబితే నవ్వని మనిషిని నేను చూడలేదు. నేనూ చిన్నప్పట్నుంచీ కడుపు పట్టుకుని నవ్వినదాన్నే. ఇప్పుడు తలుచుకుంటే ఛీ అనిపిస్తుంది. ఆ కథ లేకుండా నాన్న సంగతి చెప్పలేను కాబట్టి ముందు అదే చెబుతాను.

నాన్న గిటార్ వాయిస్తాడు. వేరే పని ఎప్పుడూ చేయలేదు. పెళ్ళికి ముందు రేవు దగ్గర బారులో, ఒక బ్లూస్ బ్యాండులో ఉండేవాడు. ఆ బ్యాండులో ఒక పెద్దాయన మౌత్ ఆర్గాన్ ఊదేవాడు. వయసు మీద పడి, ఊపిరి చాలక, పాట ఒక దారిన పోతుంటే ఆయనొక దారిన పోయేవాడట. పొమ్మనడానికి ఎవరికీ నోరు రాలేదు. అప్పుడు మా నాన్నకే ఉపాయం తట్టింది. ఆయన మైకు వైరు తెచ్చి స్టేజీ మీద చక్కగా పరిచేవాళ్ళు, రెండో కొస మాత్రం దేనికీ తగిలించేవాళ్ళు కాదు. చుట్టూ డ్రమ్ములు, గిటార్లు మోగుతుంటే ఆయనకేం తెలుస్తుంది? కళ్ళు మూసుకుని ఊదుకునేవాడు. నాన్న ఈ కథ లేచి నిలబడి చెప్పేవాడు, దోసిట్లో లేని మౌత్ ఆర్గాన్ పట్టుకుని ఊగుతూ. చివర్లో ఆ పెద్దాయన భార్య వచ్చేది. ఆవిడ ప్రతి వారం ముందు వరసలో కూర్చుని, అయిపోగానే స్టేజీ దగ్గరికొచ్చి మొగుడి నుదురు తుడుస్తూ, "ఏవండీ, ఇవాళ మీరు ఊదకపోతే అసలు ఆ పాటే లేదండీ" అనేదట. నాన్న ఆ మాట ఆవిడ గొంతుతో అనేసరికి ఎంతటివాళ్ళైనా పడీపడీ నవ్వేవాళ్ళు.

అమ్మ ఆయన్ని చేసుకుంటానన్నప్పుడు వాళ్ళక్క, అంటే మా పెద్దమ్మ, "తీగలు గోక్కునేవాడితో ఏం కాపురం చేస్తావే?" అంది. ఆ మాట అమ్మ ఇప్పటికీ మర్చిపోలేదు. పెళ్ళయ్యాక నాన్న రాక్ బ్యాండులో చేరాడు, జుట్టు భుజాల దాకా పెంచాడు. నాకు ఊహ తెలిశాక చూసిన నాన్న ఆ నాన్నే. స్టేజీ మీద ఎడం చెవి పక్కనే డ్రమ్మర్ ఇత్తడి తాళాలు, వీపు వెనక నా అంత ఎత్తు స్పీకరు. ఇంటికొస్తే "ఆఁ? ఏంటే? గట్టిగా చెప్పు!" అనడం. అదీ మాకు నవ్వులాటే. జుట్టు పలచబడే వేళకి ఆ బ్యాండూ పలచబడింది. అప్పుడు, నలభై దాటాక, వంటింటి బల్ల దగ్గర కూర్చుని మొదట్నుంచీ జాజ్ నేర్చుకున్నాడు. వేళ్ళు మెలితిరిగిపోయే పట్లు. అమ్మ కూరగాయలు తరుగుతుంటే ఈయన పొద్దస్తమానం ఒకే ముక్క వాయించేవాడు. "ఏవండీ, మిగతా పాట వాళ్ళింకా నేర్పలేదా?" అనేది అమ్మ. పాపం, ఆవిడకి సంగీతం బొత్తిగా తెలీదు. నాన్న వాయిస్తే బాగుంటుంది, అంతే ఆవిడకి తెలిసిన సంగీతం.

జాజ్ బ్యాండు ఆదివారాలు మధ్యాహ్నం ఒక పెద్ద హోటల్లో, భోజనాల హాల్లో వాయిస్తుంది. నల్లకోటు వేసుకుని, స్టూలు మీద కూర్చుని నాన్న వాయిస్తుంటే దొరబాబులా ఉండేవాడు. అమ్మ ప్రతి ఆదివారం ముందు బల్ల దగ్గర కూర్చునేది. కానీ చెవులు మాత్రం పోతూ వచ్చాయి. నేను కళ్ళద్దాల షాపులో పనిచేస్తాను, మా పక్క షాపులోనే చెవి మిషన్లు అమ్ముతారు. ఒకసారి రా నాన్నా, చూపించుకుందాం అని ఎంత బతిమాలానో! "గిటార్ వాడు చెవిలో మిషన్ పెట్టుకుంటే ఇంకెవడు పిలుస్తాడే?" అని కసిరేవాడు. వినపడక స్పీకరు సౌండ్ పెంచేవాడు. శ్రుతి చూసే మీటరు చేతికిస్తే అవమానం చేసినట్టు చూసేవాడు. ఒకరోజు బ్యాండువాళ్ళు స్పీకరు తీసేసి, తన గిటార్ తన చెవిలోనే వినపడేలా ఆయనకి ఇయర్‌ఫోన్లు ఇచ్చారు. ఇప్పుడంతా ఇదే పద్ధతి మాస్టారూ అన్నారు. నాన్న మురిసిపోయాడు.

ఓ ఆదివారం షో అవగానే ఆయన కనపడలేదు. వెతికితే హోటలు వెనక, బ్యాండు వ్యానులో కోటుతోనే కూర్చుని ఉన్నాడు.

"పాట మధ్యలో ఇయర్‌ఫోన్ ఆగిపోయిందే. తీసేశాను," అన్నాడు. "హాల్లో డ్రమ్ వినపడుతోంది. పియానో వినపడుతోంది. నేను లేను."

"అంటే?"

"ముందు చెవులు పూర్తిగా పోయాయనుకున్నా. మరి పియానో వినపడుతోందిగా! నేను వాయించాల్సిన చోటల్లా పియానో ఆవిడే వాయిస్తోంది. నా గిటార్ నా చెవిలో తప్ప బయటెక్కడా లేదు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను లేచి దండం కూడా పెట్టానే."

నాకు ఒళ్ళు మండిపోయింది. నేరుగా వెళ్ళి డ్రమ్మర్‌ని పట్టుకున్నాను. బ్యాండుకి పెద్ద ఆయనే. పెద్ద మనిషిని పట్టుకుని బొమ్మని చేస్తారా, సిగ్గు లేదా అని నోటికొచ్చినట్టు అరిచాను. ఆయన తలొంచుకుని అంతా విన్నాడు.

"తీసెయ్యడానికి నోరు రాలేదమ్మా," అన్నాడు. "మాస్టారు వ్యానులో ఆ మౌత్ ఆర్గాన్ కథ చెప్పి మమ్మల్ని ఎన్నిసార్లు నవ్వించారో. మాకు ఆ దారే తోచింది."

ఆ కథకి నేను మాత్రం నవ్వలేదా? తిరిగొచ్చి ఆ మాట చెబితే నాన్న కోటు గుండీలు విప్పుకున్నాడు. తర్వాత, "ఆ పెద్దాయనకి తెలుసేమోనే," అన్నాడు. "చివర్లో ఊదేటప్పుడు బుగ్గలు కదిలేవి కాదు. మేం అది చూసి ఇంకా నవ్వాం." ఇక హోటలు గడప తొక్కనన్నాడు. అమ్మకి మాత్రం చెప్పొద్దని చెయ్యి పట్టుకున్నాడు. "మీ అమ్మకి తెలిస్తే నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

ఇంటికెళ్ళేసరికి అమ్మ ఫోన్ పెట్టేసి మొహం వెలిగిపోతూ వచ్చింది. "ఏవండీ, అక్క వచ్చే ఆదివారం వస్తానంది! ఇన్నేళ్ళకి! ముందు బల్ల దగ్గర కూర్చోబెడతాను. తీగలు గోక్కోవడం ఎలా ఉంటుందో చూడనీ." నాన్న నావైపు చూశాడు. వారమంతా అమ్మ ఆ కోటు తానే ఇస్త్రీ చేసి, మళ్ళీ చేసింది. మానేస్తున్నానని చెప్పడానికి నాన్న నోరు తెరవడం, మూసుకోవడం చూస్తూనే ఉన్నాను.

ఆదివారం షోకి ముందే నాన్నా నేనూ వెళ్ళాం. బల్లలు తుడుస్తున్నారు. డ్రమ్మర్ ఎదురొచ్చి, "మాస్టారూ, ఇవాళ మీ గిటార్ హాల్లోకి వదులుతాం. ఒకసారి చూసుకుందాం రండి," అన్నాడు. నాన్న మొహంలో ఎంత ఆశ! నాకు తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కాను. పాట మొదలైంది. వేళ్ళు దారి మర్చిపోలేదు, ఎక్కడ ఆగాలో ఎక్కడ పరుగెత్తాలో వాటికి తెలుసు. కానీ శ్రుతిలో పియానో ఒక చోట ఉంటే, నాన్న దాని పక్కన. తీగ లాగిన ప్రతిసారీ ఇంకాస్త దూరం. బల్లలు తుడిచేవాళ్ళలో ఒకతను తలెత్తి చూశాడు. నాన్నకి మాత్రం ఏమీ తెలియడం లేదు, కళ్ళు మూసుకుని వాయిస్తున్నాడు. అయ్యాక నావైపు చూసి, "ఎలా ఉందే?" అన్నాడు.

బాగుంది నాన్నా అందామనుకున్నాను. అబద్ధాలు నాకు కొత్త కాదు, షాపులో ఏ ఫ్రేము పెట్టుకున్నవాళ్ళకైనా మీకే కుదిరిందంటాను. ఆ పూట మాత్రం నేల చూశాను.

నాన్న గిటార్ ఒళ్ళో పడుకోబెట్టుకున్నాడు. తర్వాత సౌండ్ ఆపరేటర్‌తో, "మూసెయ్యి బాబూ," అన్నాడు. "ఎప్పట్లాగే ఉండనీ."

షో అయింది. నేను అమ్మకీ పెద్దమ్మకీ మధ్య కూర్చుని పాట పాటకీ చప్పట్లు కొట్టాను. నాన్న కుడిచెయ్యి తీగల మీద ఆడుతోంది గానీ వాటిని తాకడం లేదు. అంత దగ్గర కూర్చున్నా అది ఎవరికీ కనపడలేదు, నాకు తప్ప. చివర్లో లేచి దండం పెట్టాడు, చూపు మాత్రం పైకి రాలేదు.

సాయంత్రం ఇంట్లో టీ తాగుతూ పెద్దమ్మ ఎట్టకేలకు దిగొచ్చింది. "మరిదిగారూ, పాతరోజుల్లో ఏదో నోరు జారాను. మనసులో పెట్టుకోకండి. ఏం వాయించారండీ! ఒళ్ళు పులకరించింది."

"అయ్యో, అంత లేదు వదినా," అన్నాడు నాన్న కప్పులోకి చూస్తూ.

అమ్మ కళ్ళనిండా నీళ్ళు. ముప్పై ఏళ్ళ బరువు దిగినట్టు సోఫాలో వెనక్కి వాలింది. "ఏవండీ, అక్కకి ఆ మౌత్ ఆర్గాన్ పెద్దాయన కథ చెప్పండి," అంది.

"మర్చిపోయానే."

"మర్చిపోవడమేంటి, చోద్యం కాకపోతే! ఉండండి, నేనే చెబుతా."

వద్దమ్మా అనబోయాను. నాన్న కనుసైగతో ఆపాడు. అమ్మ లేచి నిలబడింది. దోసిలి నోటి దగ్గర పెట్టుకుని అచ్చం నాన్నలాగే ఊగింది. ఎక్కడా తగిలించని ఆ వైరు గురించి చెప్పింది. పెద్దమ్మకి నవ్వు ఆగడం లేదు, టీ చీర మీద ఒలికిపోయింది. చివరికి పెద్దాయన భార్య దగ్గరికొచ్చేసరికి అమ్మ చేతిరుమాలు తీసుకుని నాన్న దగ్గరికి వెళ్ళి, ఆయన నుదురు తుడుస్తూ, "ఏవండీ, ఇవాళ మీరు ఊదకపోతే అసలు ఆ పాటే లేదండీ!" అంది.

నాన్న నుదుటి మీద నిజంగానే చెమట ఉంది. ఆయన కదలకుండా కూర్చుని తుడిపించుకున్నాడు. తర్వాత అందరితో పాటు నవ్వాడు.