పూజకెక్కని పానా

నేను కుదురుగా కూర్చోలేను. చిన్నప్పటి నుంచీ అంతే. "కాలుగాలిన పిల్లి" అని మా అమ్మ తిట్టేది. నగరిలో మా ఇంటి మరమగ్గాలు పొద్దస్తమానం ఆడుతూనే ఉండేవి. ఆ చప్పుడులో పుట్టిపెరిగినదానికి కుదురెక్కడి నుంచి వస్తుంది?

తొమ్మిదో తరగతిలో మా సర్కారు బడిలో వృత్తివిద్య కింద ఆటోమొబైల్ ట్రేడ్ పెట్టారు. నేను పరుగెత్తుకెళ్లి చేరాను. బండి విప్పడం, బిగించడం, ప్లగ్ తీసి తుడవడం. చేతులు కట్టుకుని కూర్చోమనని పీరియడ్ అదొక్కటే. మా సారు తన పాత ప్లగ్ పానా ఒకటి నాకిచ్చారు. తుప్పంతా రుద్ది వదిలించి, పుస్తకాల సంచిలోనే పెట్టుకు తిరిగేదాన్ని.

పదో తరగతిలో, దసరా పండగ కాగానే బడి తరఫున తిరుపతిలో ఒక మెకానిక్ షెడ్డులో పని నేర్పిస్తామన్నారు. ఉండడానికి మా అత్త ఇల్లు అక్కడే ఉంది. ఇక నాయన ఒప్పుకోవాలి. ఆయనేమో "ఆయుధపూజ కానీలే, సెప్తా" అన్నాడు. ఔననడు, కాదనడు. నాకు అన్నం సహించలేదు.

ఆయుధపూజ రోజు మగ్గాలు ఆపేశారు. ఇల్లు అంత నిశ్శబ్దంగా ఉంటే నాకు పిచ్చెక్కుతుంది. లోపలికీ బయటికీ తిరుగుతూనే ఉన్నాను. నాయన మగ్గం పానాలు, కత్తెరలు, సుత్తి కడిగి కుంకుమ పెట్టి దేవుడి ముందర పేర్చాడు. తమ్ముడి పెన్ను కూడా పెట్టాడు. నేను నా పానా చాపాను.

"అదెందుకులే పాపా, ఆడుకునేది" అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. తమ్ముడి పెన్నులో రీఫిల్లే లేదు!

తర్వాత పైపు తెచ్చి మోపెడ్ కడగడం మొదలుపెట్టాడు.

"నాయనా, ఇంజిన్ మీద నీళ్లు కొట్టొద్దు. ప్లగ్‌లోకి పోతాది."

"పండగ పూటన్నా బండి నీళ్లు పోసుకోవద్దా ఏంది?" అని ఇంకాస్త కొట్టాడు.

సాయంత్రం బండికి పూలదండ వేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, కర్పూరం వెలిగించారు. వీధిలో వాళ్లంతా చూస్తున్నారు. నాయన కిక్ కొట్టాడు. బండి కదల్లేదు. మళ్లీ మళ్లీ కొట్టాడు. చొక్కా తడిసింది కానీ బండి ఉలకలేదు, పలకలేదు.

"నిమ్మకాయ తొక్కకుండా నిలిస్తే మంచిది కాదప్పా" అంది పక్కింటి ముసలమ్మ. నాయన మొహం మాడిపోయింది. శకునం బాగాలేదనుకుంటే ఆయన ఇక దేనికీ ఊఁ అనడు. నా తిరుపతి సంగతి అక్కడితో సరి.

వీధి చివర మెకానిక్‌ను పిలిస్తే, ఆయన ఖాళీ చేతులతో వచ్చాడు. "ఇప్పుడే హారతిచ్చినానప్పా. పానాలన్నీ సామి ముందర ఉండాయి. రేప్పొద్దున పూజ చేసినాకనే తీసేది." మా ఇంట్లో పానాలదీ అదే కథ.

"నాది పూజలో లేదు గదా" అన్నాను. గొంతులో కోపం దాచుకోలేదు.

నాయన నా వైపు చూశాడు. పక్కకు జరిగాడు.

సంచిలోంచి పానా తీశాను. ప్లగ్ క్యాప్ లాగితే లోపల నీళ్లు. ప్లగ్ విప్పి, అమ్మ చీరకొంగుతో తుడిచి, ఊది, బిగించాను. గోటితో పోయేదానికి వీధంతా కలిసి గొడ్డలి ఎత్తారు. "కొట్టు నాయనా" అన్నాను. రెండో కిక్కుకు బండి దగ్గి, పొగ వదిలి అందుకుంది. నిమ్మకాయలు చితికాయి.

నాయన వీధి చుట్టి వచ్చేదాకా నేను గడపలో నిలబడలేక తిరుగుతూనే ఉన్నాను. బండి స్టాండు వేశాడు. తిరుపతి మాట ఎత్తలేదు.

"ఆ పానా ఇట్టియ్యి" అన్నాడు.

లాక్కుని అటక మీద పడేస్తాడేమోనని భయపడుతూనే ఇచ్చాను. కుళాయి దగ్గర దాన్ని కడిగాడు. కుంకుమ పెట్టాడు. దేవుడి ముందర మగ్గం పానాల పక్కన పెట్టాడు.

"తెల్లారి పూజయినాక తీసుకో. ఉత్త చేతుల్తో తిరపతికి పోతావా?"

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పొద్దున హారతి ఆరకముందే చెయ్యి చాపాను. అమ్మ ఆ చేతి మీద ఒక్కటేసింది.