నాన్న లేచాడా?

మొన్న మా క్వార్టర్‌లో బాత్రూమ్ ఫ్లష్ ట్యాంకు మార్చారు. పాతది గోడమీద ఎత్తున ఉండేది. గొలుసు లాగితే ఇనుప డ్రమ్ము దొర్లించినట్టు మోగి, ఆ తర్వాత కూడా చాలాసేపు గొణుక్కుంటూ ఉండేది. కొత్తది బిగించిన ప్లంబరు చేతులు తుడుచుకుంటూ, "ఇంక సౌండే రాదమ్మా. పక్కగదిలో తొంగున్నోలకి కూడా తెల్దు" అని, మెచ్చుకుంటానేమోనని నా మొహంలోకి చూశాడు. మా మనవరాలికి మూడో ఏడు నడుస్తున్నప్పుడు ఈ మనిషి వచ్చి ఉంటే కాళ్ళకి దండం పెట్టేదాన్ని.

ఉక్కునగరంలో కాపురం అంటే షిఫ్టులతో కాపురం. నైట్ డ్యూటీ చేసి పొద్దున్నే వచ్చి పడుకునే మగవాడున్న ఇంట్లో కుక్కర్ విజిల్ కూడా నేరమే. పోపు వేసేటప్పుడు వంటింటి తలుపు మూస్తాం, కూరలావిడతో వేళ్ళు చూపించి బేరమాడతాం. మాది కృష్ణాజిల్లా, ఇంట్లో మాట్లాడితే వీధి చివర వినపడాల్సిన జాతి. అలాంటి నేనే ఇక్కడికొచ్చి గుసగుసలు నేర్చుకున్నాను. మా లైనులో పిల్లలకి అమ్మ, అత్త అనే మాటలకంటే ముందు "ష్, నాన్న పడుకున్నాడు" వచ్చేస్తుంది. అందులో మాకెవరికీ ఏ వింతా కనపడలేదు.

మనవరాలికి డైపర్ మాన్పించడానికి మా అబ్బాయి బాతు ఆకారంలో ఉన్న పసుప్పచ్చ ప్లాస్టిక్ కుర్చీ కొనుక్కొచ్చాడు. మొదట్లో పిల్ల మహారాణిలా దానిమీద కూర్చుని పని కానిచ్చేది, మేం చప్పుడు రాకుండా చప్పట్లు కొట్టేవాళ్ళం. ఆ వైభోగం ఎన్నాళ్ళో లేదు. ఉన్నట్టుండి ఆ బాతుని చూస్తేనే పరిగెత్తడం మొదలుపెట్టింది. టిఫిన్ కాగానే హాల్లో కర్టెన్ వెనక్కి పోయి, మునివేళ్ళమీద నిలబడి, కాళ్ళు బిగించి, మొహం ఎర్రగా చేసుకుని ఆపుకునేది. రోజుల తరబడి అదే వరస. చివరికి ఎప్పుడో ఆగలేక వస్తే నెత్తురు చారలు. అది చూసి కోడలు బాత్రూమ్ గోడకి ఆనుకుని ఏడ్చింది.

తప్పంతా తిండిదే అనుకున్నాం. పాలు తగ్గించాం, బిస్కెట్లు దాచేశాం. బొప్పాయి ముక్కలు, నానబెట్టిన ఎండుద్రాక్ష, పప్పులో చిదిమిన పాలకూర, అన్నీ అయ్యాయి. నేను రాగిజావ అంటే, ఎలమంచిలి పిల్ల అయిన మా కోడలు "అది రాగిజావ కాదత్తా, సోడంబలి" అనేది. ఒకే పిండికి రెండు పేర్లు పెట్టుకుని ఇద్దరం గుసగుసగా పోట్లాడుకున్నాం. ఏ పేరుతో పెట్టినా పిల్ల నోరు తెరవలేదు. "నాను పెడతాను, నువ్వు కాసేపు తప్పుకో అత్తా" అని కోడలు గిన్నె లాక్కునేది, కాసేపటికి అదే గిన్నెతో తిరిగొచ్చి, "ఏటి సేత్తాం, పళ్ళు బిగించేత్తంది" అని నేలమీద చతికిలబడేది. తింటే వెళ్ళాల్సి వస్తుందని ఆ పసిగుడ్డు కనిపెట్టేసిందని మాకప్పుడు తట్టలేదు. పిల్ల చెంపలు లోపలికి పోయాయి. నాకు దేవుడిమీద కూడా కోపం వచ్చింది.

డాక్టరమ్మ పొట్ట నొక్కి చూసి, మందు రాసి, "ఇది మొండితనం కాదమ్మా, భయం. అదెక్కడిదో చూడండి. ఇలాగే ఆపుకుంటే ఆస్పత్రిలో పెట్టి తీయించాల్సి వస్తుంది" అంది. మధ్యలో కోడలి పుట్టింటికి ఎలమంచిలి వెళ్తే పిల్ల అక్కడ పెరట్లోకి తనంతట తనే నడిచి వెళ్ళి, నవ్వుకుంటూ వచ్చింది. "మా నీళ్ళు అలాటివి వదినా" అని వియ్యపురాలు మురిసిపోతే నాకు ఒళ్ళు మండింది, కానీ ఆ నీళ్ళే రెండు క్యాన్లు పట్టించుకుని తెచ్చాను. ఇంటికొచ్చిన మర్నాడు పొద్దున్నే మళ్ళీ కర్టెన్ వెనకే.

నేను వెళ్ళి పక్కన కూలబడ్డాను. తిట్టే ఓపిక కూడా లేదు. పిల్ల చెమట్లు కక్కుతూ, నా చెవి దగ్గర నోరు పెట్టి అడిగింది.

"నాన్న లేచాడా?"

లేదమ్మా అన్నాను. ఇంకా గట్టిగా కాళ్ళు బిగించింది. అప్పుడు గుర్తొచ్చింది. చాలా రోజుల కిందట ఓ పొద్దున కోడలు ఆ బాతుని కడిగి గొలుసు లాగింది. అప్పుడే కన్నంటిన మావాడు "కాసేపైనా పడుకోనివ్వరా" అని గదిలోంచి అరిచాడు. అరిచింది ట్యాంకుమీద. పిల్ల మాత్రం తనమీదే అనుకుంది. ఎలమంచిలిలో నాన్న పడుకుని లేడు.

సంగతి చెప్తే మావాడు మంచంమీద లేచి కూర్చుని చాలాసేపు అరచేతుల్లో మొహం దాచుకున్నాడు. మర్నాడు డ్యూటీ నుంచి వచ్చినవాడు బట్టలైనా మార్చకుండా బాత్రూమ్ గుమ్మంలో గోడకి జారగిలబడి, "తల్లీ, నేను లేచే ఉన్నా" అన్నాడు. తనే గొలుసు లాగాడు, నవ్వాడు, మళ్ళీ లాగాడు. పిల్ల దూరంనుంచి చూసి పారిపోయింది. చాలా పొద్దులు అలాగే పారిపోయింది. ఎర్రబడ్డ కళ్ళతో వాడు ఆ గుమ్మంలోనే కునికేవాడు. చివరికి ఓ రోజు వచ్చి బాతుమీద కూర్చుంది. అప్పట్నుంచి కూర్చునే ముందు "నాన్నా, లేచావా?" అని అడగడం, వాడు ఎక్కడున్నా "లేచానమ్మా" అనడం మా ఇంటి ఆచారమైంది. సోడంబలి గిన్నె కూడా ఖాళీ అవసాగింది. పేరు విషయంలో నేనే ఓడిపోయాను.

ఆ గండం గడిస్తే చాలని కోరుకున్నాం. గడిచింది. కానీ పిల్ల ఆ ప్రశ్న అడగడం ఏ రోజు మానేసిందో మాలో ఎవరికీ గుర్తులేదు. ఇప్పుడు హైస్కూల్లో చదువుతోంది, ఆ బాతు సంగతి చెప్తే సిగ్గుతో చెవులు మూసుకుంటుంది. మావాడికి మాత్రం ఆ అలవాటు పోలేదు. నైట్ డ్యూటీ చేసొచ్చి గాఢనిద్రలో ఉన్నా, ఫ్లష్ మోగితే చాలు, కళ్ళు తెరవకుండానే "లేచానమ్మా" అని గొణిగి అటు తిరిగి పడుకునేవాడు.

ఇవాళ పొద్దున్న మనవరాలు బాత్రూమ్ నుంచి వచ్చి స్కూలుకి వెళ్ళిపోయింది. నేను మావాడు నిద్రపోతున్న గది గుమ్మంలో నిలబడి విన్నాను. ట్యాంకు మోగలేదు, మావాడు పలకలేదు. కాలం పిల్లల్ని పెంచేటప్పుడు చప్పుడు చెయ్యదు కాబోలు.