పాత ఇల్లే కదా బాబాయ్!

ఉడుకు మేస్త్రీకి కోపం వచ్చిన రోజున ఆ ఇంట్లో పొయ్యి వెలిగించనక్కర్లేదని, పాలగిన్నె తెచ్చి ఆయన పక్కన పెడితే చాలని వీధిలో చెప్పుకునేవారు. అది వట్టి అబద్ధం. అలా పెడితే పాలు కాగవు, విరిగిపోతాయి.

ఆయన చేసే పని మాత్రం లోకంలోకెల్లా శాంతంగా చెయ్యవలసిన పని. నగల కొట్లలో వాడే సన్న త్రాసులు బాగుచేస్తాడు. వెంట్రుక వేసినా ఒక పక్కకి ఒరిగే త్రాసులవి. వాటి ముందు కూర్చున్నాడంటే ఊపిరి కూడా పక్కకి తిరిగి వదులుతాడు. ఒకసారి ఓ ఈగ పళ్ళెం మీద వాలబోయి, ఆయన చూసిన చూపుకి మనసు మార్చుకుని, వచ్చిన కిటికీలోంచే వెనక్కి వెళ్ళిపోయిందట. లోపల ఉన్న శాంతమంతా పొద్దున్నే త్రాసులకి ఖర్చయిపోయేది కాబట్టి, మనుషుల దగ్గరికి వచ్చేసరికి ఆయన దగ్గర ఏమీ మిగిలేది కాదు.

ఈ పని ఎక్కడ పడితే అక్కడ కుదరదు. బల్ల మీద అసలే కుదరదు. ఆ ఇంటి ఉత్తరపు గోడలోకి మూరెడు లోతుగా దింపిన నల్లరాతి బండ ఒకటుంది. వీధిలో లారీ పోయినా అది అదిరేది కాదు. దాని మీద త్రాసు పెడితే ముల్లు రెండుసార్లు ఊగి, నడిమి గీత మీదకి వచ్చి బుద్ధిగా నిలబడేది. అలాంటి గోడ ఆయనకు ఇంకోటి లేదు. ఆ గోడ నిలబడి ఉన్నంతకాలమే ఆయనకు పని.

ఇంట్లో ఆయనా, ఆయన అక్కా. అక్కకి శుభ్రం పిచ్చి. ఆమె తుడిచిన గచ్చు మీద చీమ జారిపడి నడుం విరగ్గొట్టుకుందని ఆయనే అందరికీ చెప్పేవాడు. బయట ఎవరితోనో తగువు పడి ఆయన బుసలు కొడుతూ వస్తే, గుమ్మంలోనే ఆపేది. "ఒరేయ్, నీ కోపం ఆ మెట్టు మీద దులుపుకుని లోపలికి రా. ఇప్పుడే తుడిచాను."

అలాంటి ఇంటికి ఉత్తరం పక్కనున్న ఇల్లు అమ్ముడుపోయింది. దాన్ని నేలమట్టం చేసి ఐదంతస్తులు లేపడానికి కాంట్రాక్టరు వచ్చాడు. నూనె రాసినంత నున్నటి మనిషి. కనబడ్డ మగవాళ్ళందరినీ బాబాయ్ అంటాడు, ఆడవాళ్ళందరినీ పిన్నీ అంటాడు, వీధి కుక్కని సైతం "ఏరా తమ్ముడూ" అని పలకరిస్తాడు. మొదటిరోజే మేస్త్రీ చెయ్యి పట్టుకుని ఊపేశాడు. "మీకు ఏ ఇబ్బందీ రానివ్వను బాబాయ్. నాది పూచీ."

ఆ పూచీ మర్నాడు తెల్లవారకముందే రాళ్ళు పగలగొట్టే మిషను రూపంలో మొదలైంది. మంచాలు నడిచాయి. గిన్నెలు వాటంతట అవే అటక దిగి వచ్చాయి. మేస్త్రీ లుంగీ బిగించుకుని వెళ్ళి గేటు దగ్గర నిలబడ్డాడు.

"ఏమయ్యా, పొద్దు పొడవకముందు మిషన్లు వెయ్యకూడదని బోర్డు మీద మీరే రాసుకున్నారు కదా?"

"ఏ బోర్డు బాబాయ్?"

"అదిగో, రాత లోపలి వైపుకి తిప్పి పెట్టావే, అది!"

"గాలికి తిరిగుంటుంది బాబాయ్."

"గాలికి తిరిగి, మళ్ళీ తనే నాలుగు మూలలా తీగ కట్టుకుందా?"

కాంట్రాక్టరు పెద్దగా నవ్వాడు. ఆయన కోపం చూస్తే అతనికి అంత ముచ్చట. "అబ్బ, మీ మాటలు వింటూ ఎంతసేపైనా ఉండొచ్చు బాబాయ్" అని మిషను వాడికి ఇంకా గట్టిగా కానివ్వమని సైగ చేశాడు.

తర్వాత దుమ్ము. పని జరిగే స్థలం చుట్టూ వల కట్టాలి, కూల్చేటప్పుడు నీళ్ళు చల్లుతూ ఉండాలి. అదీ ఆ బోర్డు మీదే ఉంది. వల చుట్టినది చుట్టినట్టే ఓ మూల నిద్రపోయింది. నీళ్ళ గొట్టంతో కాంట్రాక్టరు తన కారు కడిగించుకున్నాడు. అక్క తుడిచిన చోటే మళ్ళీ తుడిచి, తుడిచి, చివరికి గచ్చు అరిగిపోతుందేమోనని ఆగింది. త్రాసులకి గుడ్డ మీద గుడ్డ కప్పి, మేస్త్రీ మళ్ళీ గేటు దగ్గరికి పోయాడు.

"నా త్రాసు పళ్ళెంలో నీ దుమ్ము ఎంత పడిందో తూచి చూపించమంటావా? నా దగ్గర సాధనం ఉంది!"

"తూచి అట్టే పెట్టండి బాబాయ్. సిమెంటులో కలిపేసుకుంటా."

ఆ రోజు మేస్త్రీ చెవులు సాయంత్రం దాకా ఎర్రగానే ఉన్నాయి. అరిచి అరిచి ఆయన గొంతు పోయింది కానీ, పని ఒక్క ఘడియ కూడా ఆగలేదు. ఎవరైనా అరుస్తుంటే నవ్వేవాడికి అంతకంటే మంచి కాలక్షేపం ఉండదు.

దుమ్మునీ చప్పుడునీ ఎలాగో భరించేవాడేమో. సెల్లారు కోసం గొయ్యి తవ్వడం మొదలయ్యాక వ్యవహారం గోడ దాకా వచ్చింది. పక్కింటి గోడ వెంబడి తవ్వేటప్పుడు కొంచెం కొంచెంగా తవ్వాలి, తవ్విన చోట ఆ గోడకి దన్ను పెట్టుకోవాలి. కాంట్రాక్టరు అదంతా ఎవరు చేస్తారనుకున్నాడో ఏమో, ఈ చివర్నించి ఆ చివరిదాకా ఒకేసారి నిట్టనిలువుగా కోసేశాడు. మేస్త్రీ గోడ కింద మట్టి పిట్టగోడంత పలచగా మిగిలింది. రెండు రోజులు గడవకుండానే నల్లరాతి బండ మూల దగ్గర మొదలై కిటికీ దాకా ఓ బీట పాకింది. దానికి పిల్లలు పుట్టాయి. మేస్త్రీ బండ మీద త్రాసు పెట్టి చూశాడు. ముల్లు కుడికి వాలి, అక్కడే ఉండిపోయింది.

ఆయన ఈసారి అరవలేదు. కాంట్రాక్టరును చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి బీట ముందు నిలబెట్టాడు.

"చూడు. చూసి చెప్పు."

కాంట్రాక్టరు తల అటూ ఇటూ వంచి చూశాడు. "పాత ఇల్లే కదా బాబాయ్! ఎప్పుడో మీ నాన్నగారి కాలం నాటి బీటలివి. పెద్దవాళ్ళ మొహాన ముడతలుండవూ? ఇదీ అంతే."

"మొన్నటిదాకా లేదు ఇది!"

"మీరు మొన్న చూసుంటారు. మనం ఒక్కోసారి మన ఇల్లే మనం చూసుకోం బాబాయ్."

వీధి చివర బడ్డీలో టీ తాగుతున్నవాళ్ళు కూడా ఉలిక్కిపడి గ్లాసులు వదిలేశారంటారు, అప్పుడు మేస్త్రీ వేసిన కేక విని. కానీ కేకతో ఏమవుతుంది? ఆయన మున్సిపల్ ఆఫీసుకి పోయాడు.

అక్కడున్న ఇంజనీరమ్మ ఆయన చెప్పిందంతా విన్నది. కాంట్రాక్టరుతో ఫోనులో మాట్లాడింది. "బీటలు పాతవని ఆయనంటున్నాడు, కొత్తవని మీరంటున్నారు. నేను కళ్ళతో చూడకుండా పని ఆపమని చెప్పలేను. రేపు పొద్దున్న వస్తాను. గోడ ఎలా ఉందో అలాగే ఉంచండి" అంది.

మేస్త్రీకి ప్రాణం లేచి వచ్చింది. ఆ పూటే పక్క ఊళ్ళో ఒక కొట్టుకి త్రాసు అప్పగించి, రాత్రికి అక్కడే పడుకుని, మర్నాడు తిన్నగా ఆఫీసుకి పోయి ఆమెను వెంటబెట్టుకు రావాలి. సంచీ భుజాన వేసుకుంటూ అక్కతో చెప్పాడు.

"అక్కా, రేపు ఆఫీసునుంచి పెద్ద ఇంజనీరమ్మ మనింటికి వస్తోంది. గోడ చూస్తుంది."

"పెద్ద ఇంజనీరా? మనింటికా? ఈ గోడా?"

"ఈ గోడే. అన్నీ సిద్ధంగా ఉంచు."

అంతా చెప్పాననే అనుకున్నాడు. వెళ్ళే తొందరలో అక్క మొహం చూసుంటే బాగుండేది.

మర్నాడు ఆటోలో ఇంజనీరమ్మ పక్కన కూర్చుని దారి పొడుగునా ఆయన బీటల్ని వర్ణించాడు. ఒకటి పాములా పాకిందన్నాడు. ఇంకోదాంట్లో రూపాయి బిళ్ళ నిలబడుతుందన్నాడు. కిటికీ దగ్గరి బీటలోంచి పక్క గొయ్యిలో మనుషులు బీడీ ముట్టించుకోవడం కనిపిస్తుందన్నాడు, అది మాత్రం అక్కర్లేకుండా కలిపాడు. ఇంటి ముందు కాంట్రాక్టరు ఉతికిన చొక్కా వేసుకుని నమస్కారం పెట్టాడు. పనివాళ్ళని ఆ పూటకి మిషను ఆపమన్నాడు. బోర్డు కూడా ఆ రోజు బయటికి తిరిగింది.

మేస్త్రీ తలుపు తోశాడు.

గోడ పాలలా ఉంది. కింది నుంచి పైదాకా ఒక్క గీత లేదు. పచ్చి సున్నం వాసన ముక్కు బద్దలు కొడుతోంది. గోడ పక్కన అక్క, చేతులకి సున్నం మరకలతో, మొహం వెలిగిపోతూ నిలబడి ఉంది.

"రామ్మా, రా. కూర్చో. నిన్నంతా పట్టింది. బీటలన్నిట్లో సిమెంటు కూరి, పైన రెండు పూతలు వేశాను."

"అక్కా!" అన్నాడు మేస్త్రీ. "ఏం చేశావక్కా? ఆవిడ వచ్చిందే బీటలు చూడ్డానికి!"

"బాగుంది వరస! ఇంటికి పెద్దావిడ వస్తుంటే బీటలు చూపించి కూర్చోబెడతామా? పరువేం కావాలి?"

"పరువా? పరువు కాదు, పైకప్పు పోతుంది! నేను గొంతు చించుకున్నది ఈ బీట కోసమే కదా! వాడు నా ఇంటి కింద మట్టి తీసేశాడు, నువ్వు నా చేతి కింద సాక్ష్యం తీసేశావు! ఇద్దరూ కలిసి నన్ను పూడ్చెయ్యండి, అదో పనైపోతుంది!"

కాంట్రాక్టరు రెండు చేతులూ కట్టుకుని గోడకేసి చూశాడు. "కొత్త పెళ్ళికూతురిలా ఉంది మేడమ్ గోడ. బాబాయిగారికి కోపం ఎక్కువ, మనసు మంచిది. ఇక పని మొదలుపెట్టుకోమంటారా?"

ఇంజనీరమ్మ ఫైలు మూసింది. "చూడ్డానికి ఏమీ లేకపోతే నేనేం రాయను చెప్పండి?" అని లేవబోయింది.

"టీ తాగకుండా లేస్తే ఊరుకోను" అంది అక్క, దారికి అడ్డంగా నిలబడి. ఇంజనీరమ్మ మళ్ళీ కూర్చోవలసి వచ్చింది. ఇక గెలిచాననుకున్న కాంట్రాక్టరు కిటికీలోంచి తల బయటపెట్టి "కానివ్వండ్రా!" అని అరిచాడు.

పక్కన మిషను లేచింది. గ్లాసులో టీ వలయాలు వలయాలుగా కదిలింది. తెల్లటి గోడ మీద, బండ మూల దగ్గర, దారంత సన్నని గీత ఒకటి పుట్టింది.

ముందు చూసింది అక్క. ఆమె చేతిలోని పళ్ళెం కింద పడింది.

"నా సున్నం!"

"పాత ఇల్లే కదా పిన్నీ, పాత బీటలే..." అన్నాడు కాంట్రాక్టరు, నోటికి అలవాటైన మాట కాబట్టి.

"నిన్న సాయంత్రం పూసిన సున్నానికి పాత బీటా!" అక్క మీదికి వచ్చింది. అంతకాలం తమ్ముడి కోపమే గొప్పదనుకున్న వీధికి ఆ రోజు అసలు సంగతి తెలిసింది. "ఈ చేతుల్తో పూశానురా, ఈ చేతుల్తో! నడుం పట్టేసి రాత్రి తిండి కూడా తినలేదు. నా కళ్ళముందు చీల్చి, నాన్నగారి కాలం నాటిదంటావా? మా నాన్న నిన్న సాయంత్రం వచ్చి బీట పెట్టి పోయాడా? పిలువు, ఆయన్నే అడుగుదాం!"

కాంట్రాక్టరు మొదటిసారి నవ్వలేదు. "తడి సున్నం కదా మేడమ్, ఆరేటప్పుడు చీలుతుంది" అని నసిగాడు.

ఇంజనీరమ్మ గ్లాసు కింద పెట్టి గోడ దగ్గరికి వచ్చింది. గీత చివర పెన్సిలుతో చుక్క పెట్టింది. "మిషను ఆపించండి" అంది. మిషను ఆగింది. గీత చుక్క దగ్గరే ఉంది. "పెట్టమనండి." మిషను మళ్ళీ మొదలవగానే గీత చుక్కను దాటి కిటికీ వైపు నడిచింది, లోపలినుంచి ఇసుక రాలింది. "ఆరేది మిషను చప్పుడుకేనా అండీ?" అని అడిగిందామె.

ఆమె పక్క స్థలంలోకి పోయి, గోడ వెంబడి కప్పిన టార్పాలిను తీయించింది. గోడ కింద మట్టి ఎంత మిగిలిందో వంగి చూసింది. ఆఫీసుకి వెళ్ళేదాకా ఆగకుండా అక్కడే, ఇటుకల కుప్ప మీద కూర్చుని ఆర్డరు రాసింది. పని ఆపాలి. గోడకి ఇనప దన్నులు పెట్టాలి. గొయ్యి గోడ వైపు మట్టి నింపి మళ్ళీ ముక్కలు ముక్కలుగా తవ్వుకోవాలి. పునాది లేచాక గోడనీ, బండనీ ముందులాగే చేసి అప్పగించాలి.

దన్నులు ఆ రోజే వచ్చాయి. గోడ నిలబడింది. పని మళ్ళీ మొదలయ్యాక కాంట్రాక్టరు తెల్లవారాకే మిషను వేయిస్తున్నాడు, వల కట్టించాడు. మేస్త్రీకి మాత్రం కోపం చల్లారలేదు. ఓ ఉదయం సున్నం డబ్బాతో అక్క గోడ వైపు నడుస్తుంటే ఒంటికాలి మీద లేచాడు.

"ఆ బీట ముట్టుకున్నావంటే ఊరుకోను! ఆవిడ మళ్ళీ వచ్చి చూసేదాకా అదలాగే ఉండాలి."

"అంతవరకూ ఆ దరిద్రం చూస్తూ కూర్చోవాలా?"

"కూర్చోవాలి! వాడూ చూడాలి రోజూ." డబ్బా లాక్కుని ఒళ్ళో పెట్టుకున్నాడు. కొంచెంసేపటికి గొంతు తగ్గింది. "నేను చెబితే ఒక్కడు నమ్మలేదక్కా. సున్నం చెబితే నమ్మారు."

"నువ్వు అరుస్తూ చెప్పావురా. అది నోరు మూసుకుని చెప్పింది."

"అంటే తప్పు నాదేనంటావా!" అని మేస్త్రీ అరిచిన అరుపుకి గోడకవతల మిషను టక్కున ఆగిపోయింది.

"బాబాయ్!" అంది అవతలనుంచి వణికే గొంతు. "మళ్ళీ బీటిచ్చిందా?"