ఊదమనేవాడు లేని కొట్టు

గడ్డకట్టిన రొయ్యల ప్యాకెట్టు పట్టుకోగానే వేళ్లు తిమ్మిరెక్కాయి. వాసనే లేదు. మలేషియాలో మా క్లాంగ్ ఊళ్లోని ఈ పెద్ద దుకాణంలో గాలాల పక్కన ఐసు పెట్టెలో ఎరలు పేర్చి పెడతారు. డబ్బులు తీసుకునేది కూడా మనిషి కాదు, మిషను. ప్యాకెట్టు చూపిస్తే కీచుమంది. అప్పుడు సింహాద్రి మావ గుర్తొచ్చాడు. నేను తమిళ బడిలో ప్రైమరీ అతి కష్టం మీద దాటినవాణ్ణి, ఇలా రాయడం ఇదే మొదటిసారి. తప్పులుంటాయి. కానీ మావ గురించి చెప్పేవాళ్లు ఇంకెవరూ మిగల్లేదు.

పోర్ట్ క్లాంగ్‌లో పడవలాగే జెట్టికి వెళ్లే దారిలో మావకి ఎరల కొట్టు ఉండేది. రేకుల కప్పు, ముందొక బల్ల, లోపల తొట్టెల్లో బతికున్న రొయ్యలు, తడి మట్టిలో పురుగులు. ఆ కంపు చొక్కాకి పడితే ఉతికినా పోయేది కాదు. ఆయన నాకు చుట్టమేమీ కాదు, మా తెలుగువాళ్లందరికీ మావే. ఆ కొట్టుకి ఒక పద్ధతి ఉండేది. ఎర అడిగినవాడు ముందు ఆయన ముఖం మీద ఊదాలి.

నేను కంటైనర్ లారీ నడిపే రోజుల్లో, ఒక సెలవునాడు పొద్దున్నే తాగి వెళ్లాను.

"ఊదరా."

"నానేటి పోలీసోడి ముందర నిలబడినానా మావా?"

"పోలీసోడైతే వొగ్గేస్తాడు. నాను వొగ్గను. ఊదు."

ఊదాను. మావ ముక్కు మూసుకున్నాడు. "నీ సేత్తో ఎర కడితే సేపకి మత్తెక్కిపోద్ది. కూకో, కాఫీ తాగు."

పాలు లేని కాఫీ ఇచ్చి, మత్తు దిగేదాకా ఆ బల్ల మీదే కూర్చోబెట్టాడు. వచ్చినవాళ్లంతా నన్ను చూసి నవ్వారు. లోపల తిట్టుకున్నాను. తర్వాత సెలవుకీ అదే జరిగింది. తాగి జెట్టి మీంచి పడి తన అన్న పోయాడని మావ ఆ బల్ల మీదే ఒకసారి చెప్పాడు. నీతులు చెప్పలేదు. ఎర ఇవ్వలేదు, అంతే. చేపల పిచ్చికొద్దీ సెలవునాడు తాగడం మానేశాను, మెల్లగా మిగతా రోజులూ మానేశాను.

తర్వాత ఈ పెద్ద దుకాణం వచ్చింది. ఏసీ, బండి పెట్టుకోవడానికి చోటు, తక్కువ ధర. మావ బల్ల ఖాళీ అయిపోయింది. ఒక ఆదివారం నేను లోడుతో దూరాన జొహోర్‌లో ఉన్నప్పుడు, మా తమ్ముడు రాజు తాగి మావ దగ్గరికెళ్లాడు. ఏం జరిగిందో మావే నాకు చెప్పాడు.

"కూకోమన్నాన్రా. నవ్వినాడు. 'ఊర్లో నీ కొట్టొక్కటేనా మావా? అక్కడ నా నోరెవులూ వాసన సూడరు' అనీసి బండెక్కి ఎలిపోనాడు."

సాయంత్రానికి రాజుని నీళ్లలోంచి తీశారు. జేబులో ఆ దుకాణం ప్యాకెట్టు ఉంది. చింపనైనా లేదు.

చావింట్లో రాజు పెళ్లాం లక్ష్మి మావ మీద పడింది. "నువ్వు ఎర ఇచ్చీసుంటే అంత దూరం ఎల్లకుండా నీ కళ్ల ముందరే కూకునీవోడు గదా! ఎవులి కోసం నీ రూలు?"

అంతమందిలో ఒక్కరూ ఆమెను ఆపలేదు. మావ "ఔనమ్మా" అన్నాడు.

బయట చెయ్యి పట్టుకుని, "నువ్వేటి సేస్తావు మావా?" అన్నాను.

"కొట్టొగ్గీసి ఎనకాల ఎల్లాల్సిందిరా" అన్నాడు.

మళ్లీ కొట్టు తెరవలేదు. ఎర ఇవ్వక మనిషిని చంపినవాడని జెట్టి దగ్గర చెప్పుకున్నారు. ఎర అమ్మిన దుకాణాన్ని మాత్రం ఎవరూ ఒక్క మాట అనలేదు. ఎవర్నని అంటారు? అక్కడ తిట్టడానికి ఒక ముఖమైనా లేదు. మావ ముఖం ఉంది కాబట్టి అందరూ దాని మీదే పడ్డారు. ఆ వానాకాలంలోనే ఆయన పోయాడు. కొట్టున్న చోట ఇప్పుడు ఫోను కవర్లు అమ్ముతున్నారు.

జెట్టి దారిలో వేరే ఎరల కొట్టు లేదు. అందుకని నేనూ ఇక్కడికే వస్తాను. డబ్బులు కట్టేముందు వంగి, ఆ మిషను అద్దం మీద ఊదుతాను. వెనక ఉన్నవాళ్లు దుమ్ము ఊదుతున్నాననుకుంటారు. మిషను థాంక్యూ అంటుంది. ఆ రోజు రాజుకీ అదే చెప్పి ఉంటుంది.