వంటగది గుమ్మం మీద ఆగిన హోరు

నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. ఈ మాట మర్యాద కోసం అనడం లేదు. కాశీబుగ్గలో ఇరవై ఏళ్ళపాటు రేడియోలు, టేప్ రికార్డర్లు, ఆంప్లిఫైయర్లు బాగుచేసినవాణ్ణి. "దీంట్లో ఏదో ఉంది బాబూ, ఆపేసినా మాటాడతంది" అంటూ సెట్లు సంకలో పెట్టుకుని వచ్చినవాళ్ళు నాకు బోలెడంతమంది. విప్పి చూస్తే వదులైన టంకమో, ఎండిపోయిన బొద్దింకో ఉండేది. ఆ బొద్దింకని కాగితంలో చుట్టి, "ఇదిగోండి మీ దెయ్యం" అని చేతిలో పెట్టి పంపేవాణ్ణి.

అందుకని ఇది చదివి ఎవరైనా నవ్వితే నాకు కోపం రాదు. వేరేవాళ్ళు చెప్పి ఉంటే నేనూ నవ్వేవాణ్ణే.

మా సరోజక్కని సోంపేట దాటాక సముద్రం వైపు ఉన్న ఒక ఊరికి ఇచ్చారు. బావ పేరు కూర్మారావు. జీడితోట, కొబ్బరిచెట్లు, కాస్త పల్లపు భూమి ఉండేవి. పిల్లల్లేరు. ఇంట్లో వాళ్ళిద్దరూ, బావ తల్లి సీతమ్మత్తా, అంతే. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో, బావకి నలభై ఏళ్ళైనా నిండకముందే కిడ్నీల జబ్బు పట్టుకుంది. మా ఉద్దానంలో ఆ జబ్బు గురించి ఒకరు ఇంకొకరికి చెప్పక్కర్లేదు. ప్రతి వీధిలోనూ ఇద్దరో ముగ్గురో ఉంటారు.

వారానికి రెండుసార్లు డయాలసిస్. రైలెక్కి విశాఖపట్నం వెళ్ళాలి, రావాలి. వచ్చాక ఒక రోజంతా మంచం దిగలేడు. లేచి నాలుగు మెతుకులు తినేసరికి మళ్ళీ వెళ్ళే రోజు వచ్చేసేది. కొబ్బరిచెట్టు కోతిలా ఎక్కిన మనిషి, పెరట్లోకి వెళ్ళాలన్నా గోడ పట్టుకునేవాడు. మా అక్క నా కొట్టుకొచ్చి, ఎదురుగా కూర్చుని, "ఏటి సెయ్యాలో సెప్పరా ధర్మా" అని ఏడ్చేది. నాకేం తెలుసు? రేడియో అయితే చెప్పేవాణ్ణి.

ఆ రోజుల్లోనే ఓడల్లో పనిచేసే బావ పెదనాన్న కొడుకు ఒక హోమ్ థియేటర్ రిసీవర్ తెచ్చి, "పడుకుని ఇను అన్నా" అని బావకి ఇచ్చి వెళ్ళాడు. రిసీవర్ అంటే టీవీ, డీవీడీల శబ్దం తీసుకుని ఐదు స్పీకర్లకి పంచిపెట్టే పెట్టె. అది నూట పది వోల్టుల దేశం సరుకు. మన గోడకి నేరుగా తగిలిస్తే క్షణంలో గోవిందా. అదృష్టం కొద్దీ దాని ప్లగ్గు మన సాకెట్లో పట్టక బావ నన్ను పిలిపించాడు. వోల్టేజీ దించే ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి సైకిల్ వెనక కట్టుకుని వెళ్ళాను.

రెండు రోజులు పట్టింది. ఆ ఇంటికి ఎర్తింగే లేదు. నూతి పక్కన గొయ్యి తవ్వి, ఉప్పూ బొగ్గూ వేసి, పైపు పాతి, అక్కణ్ణుంచి తీగ లాగాను. స్పీకర్ వైర్లు అర అంగుళం మేర చెక్కి, పోగులన్నీ గట్టిగా మెలిపెట్టి, ఎర్రది ఎర్రదానికీ నల్లది నల్లదానికీ బిగించాను. ఒక్క పోగు పక్కదానికి తగిలినా పెట్టె కాలిపోతుంది. అదంతా అయ్యేదాకా ప్లగ్గు నా జేబులోనే ఉంది.

టీవీకి ఎడమ ఒకటి, మధ్యన ఒకటి, కుడివైపు ఒకటి. వెనకవైపు ఎడమది బావ మంచం తలాపున. వెనక కుడిది కొట్టాల్సిన చోట వంటగది గుమ్మం వచ్చింది. నేను ఇంకో చోటు వెతుకుతుంటే అక్క గరిటె పట్టుకుని వచ్చేసింది. "నాకు మాత్తరం ఇనబడొద్దేటి? నాను మనిసిని కానా?" అంది. సరే తల్లీ అని ఆ గుమ్మం మీదే మేకు కొట్టాను.

తర్వాత నా ఆంక్షలు మొదలుపెట్టాను. పెట్టె పైన నాలుగు వేళ్ళ ఖాళీ ఉండాలి, అది వేడెక్కుతుంది. గుడ్డ కప్పకూడదు. వాల్యూమ్ సున్నాకి తెచ్చాకే స్విచ్ వెయ్యాలి. ఉరుములొస్తే ప్లగ్గు పీకెయ్యాలి. దాని మీద నీటిచుక్క పడకూడదు. అక్క అప్పటికే గులాబీల అల్లికతో దానికి ఒక ముసుగు అల్లేసి ఉంది. మడతపెట్టి ఇచ్చేశాను. రెండు పూటలు నాతో మాట్లాడలేదు.

ఆ రిసీవర్‌కి టెస్ట్ టోన్ అని ఒక మీట ఉండేది. స్పీకర్లన్నీ సమంగా పలుకుతున్నాయో లేదో చూసుకోవడానికి. నొక్కితే హోరుమని శబ్దం ముందు ఎడమ స్పీకర్లో వస్తుంది, రెండు సెకన్లు. తర్వాత మధ్య, తర్వాత కుడి, తర్వాత వెనక కుడి, అంటే వంటగది గుమ్మం. ఆఖరున వెనక ఎడమ, అంటే బావ తలాపు. మళ్ళీ మొదటికి. ఆపేదాకా అలా చుట్టూ తిరుగుతూనే ఉంటుంది.

బావ మొదటిసారి అది విని కళ్ళు మూసుకున్నాడు. "ఒరే, ఇది మన సముద్రంరా" అన్నాడు. ఒడ్డుకి వెళ్ళి ఏడాది దాటింది ఆయన. తర్వాత సినిమాలు, పాటలు ఏవీ పెద్దగా పెట్టేవాడు కాదు. ఆ హోరే పెట్టుకుని పడుకునేవాడు. ఇంట్లో అందరికీ ఆ వరస అలవాటైపోయింది. గుమ్మం మీదకి వచ్చినప్పుడల్లా అక్క వంటగదిలోంచి "వచ్చీసింది" అని అరిచేది, బావ నవ్వేవాడు.

చివరికి డాక్టర్లు కిడ్నీ మారిస్తే తప్ప లాభం లేదన్నారు. అక్క రక్తం సరిపోయింది. ఒక్క క్షణం ఆలోచించలేదు అది. మా భయమంతా బావ గురించే. ఆ ఒళ్ళు కొత్త కిడ్నీని ఒప్పుకుంటుందా లేదా అని పగలూ రాత్రీ అదే మాట. అక్క గురించి మాలో ఎవరికీ భయం కలగలేదు. జీడిపిక్కల బస్తా నెత్తిన పెట్టుకుని నడిచే మనిషికి ఏమవుతుంది అనుకున్నాం.

ఆపరేషన్‌కి విశాఖపట్నం బయల్దేరే రోజు పొద్దున్న బావ ఇంకొక్కసారి ఆ హోరు పెట్టుకుని విన్నాడు. అక్క దేవుడి దగ్గర కొబ్బరికాయ కొట్టింది. మా వైపు కొత్త పనికి, ప్రయాణానికి, బండికి, మిషనుకి, దేనికైనా కాయ కొట్టాల్సిందే, బొట్టు పెట్టాల్సిందే. రిసీవర్‌కి కుంకుమ బొట్టు పెట్టింది. నీళ్ళు మాత్రం దాని మీద పోయలేదు, నేను చెప్పాను కదా. కింద పీట మీద ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ మీద పోసింది. గ్రామదేవత రాతి మీద పోసినట్టు, చిప్పెడు కొబ్బరినీళ్ళూ చిల్లుల్లోంచి లోపలికి.

ఫట్‌మని పేలింది. మంట, పొగ. స్విచ్ బోర్డు మీద ఫ్యూజు ఎగిరిపోయింది. అక్క వెనక్కి పడింది. నేను ప్లగ్గు పీకి, అక్క బతికే ఉందని చూసుకున్నాక, ఒళ్ళు తెలియని కోపం వచ్చింది.

"పెట్టె మీద ఒద్దన్నావు గానీ, దీని మీద ఒద్దనలేదు గదరా" అంది, మెల్లిగా.

"చావాలనుంటే నువ్వు చావు. అందరినీ చంపకు" అన్నాను.

అన్నాను. నా నోటితోనే అన్నాను. అక్క కొంగుతో నేల తుడిచింది. ఆటో వచ్చింది. బావ, అక్క, బావ తమ్ముడు రాజారావు ఎక్కారు. నేను అత్తకి తోడుగా ఉండిపోయాను. వాళ్ళు వెళ్ళేటప్పుడు కూడా ముఖం గంటు పెట్టుకునే నిలబడ్డాను. అక్కతో నేను మాట్లాడిన ఆఖరి మాట అదే.

మర్నాడు ఆ ట్రాన్స్‌ఫార్మర్ని కాశీబుగ్గలో వైండింగ్ చేసేవాడి దగ్గర పడేసి వచ్చాను. ఇది గుర్తుపెట్టుకోండి. అది లేకుండా ఆ రిసీవర్‌కి కరెంటు అందే దారి ఆ ఇంట్లో లేదు.

ఆపరేషన్ అయింది. సోంపేట వెళ్ళి నేను ఫోన్ చేస్తే, ఇద్దరూ క్షేమం అని రాజారావు చెప్పాడు. అక్క లేచి కూర్చుందట, జావ తాగిందట, నా మీద కోపంగా ఉందా అని వాడు అడిగితే నవ్విందట. అత్త ఆ రోజు కడుపునిండా తింది.

ఆపరేషన్ అయిన మూడో రోజు, సాయంత్రం నాలుగు దాటింది. కరెంటు కూడా పోయి ఉంది. కొబ్బరినీళ్ళు రిసీవర్‌లోకి ఏమైనా చిందాయేమోనని మూత విప్పుకుని కూర్చున్నాను. దాని ప్లగ్గు తీగ చుట్ట చుట్టి నా ఒళ్ళోనే ఉంది. అత్త వీధరుగు మీద చింతపండు పిక్క తీస్తోంది.

ఎడమ స్పీకర్లో హోరు మొదలైంది.

నా చేతిలో స్క్రూడ్రైవర్ అలాగే ఉండిపోయింది. రెండు సెకన్లు. మధ్యలోకి వచ్చింది. రెండు సెకన్లు. కుడివైపుకి. తర్వాత వంటగది గుమ్మం మీదకి వెళ్ళింది. ఆ తర్వాత బావ తలాపుకి రావాలి కదా. రాలేదు. గుమ్మం మీదే ఉండిపోయింది.

నేను లేచి వెళ్ళి స్పీకర్ మీద వేలు పెట్టాను. అట్ట అదురుతోంది. వెనక ఉన్న రెండు వైర్లూ పీకేశాను. అయినా పలుకుతూనే ఉంది. తీగ లేని స్పీకర్, కరెంటు లేని ఇల్లు. పాతికేదాకా లెక్కపెట్టాను, తర్వాత లెక్క తప్పింది. గోడ గడియారంలో నాలుగూ పది. అప్పుడు ఆగింది.

అత్త కర్ర ఊతంతో గడప దగ్గర నిలబడి ఉంది. "ఏటిరా ఆ హోరు? కరెంటు నేదు గదా?" అంది. నా ముఖం చూసింది. అంతే, బావ మంచం మీద పడి గుండెలు బాదుకోవడం మొదలెట్టింది. "నా కొడుకెలిపోనాడు, నా కొడుకెలిపోనాడు" అని. నాకూ అదే అనిపించింది. ఆ హోరు బావది కదా.

సైకిల్ మీద సోంపేట ఎస్టీడీ బూత్‌కి ఎలా వెళ్ళానో తెలియదు. చెప్పు ఒకటి దారిలోనే పోయింది. ఆసుపత్రికి ఫోన్ చేసి రాజారావుని పిలిపించాను. "బావ?" అన్నాను.

"అన్న బాగున్నాడు. ఒంటేలు బాగా వత్తందన్నారు" అన్నాడు.

దేవుడా అనుకుని బూత్ గోడకి ఆనుకున్నాను. అప్పుడు వాడి ఏడుపు వినబడింది. "ఒదిన ఎలిపోయిందిరా ధర్మా. బాగానే లెగిసి నడిసింది. ఊపిరందట్లేదు అంది. మంచం మీద కూకోబెట్టేసరికే అయిపోయింది. ఇందాకే, నాలుగూ పదికి."

రక్తం గడ్డ కట్టి ఊపిరితిత్తుల్లోకి పోయిందని డాక్టర్లు చెప్పారు. ఎవరి తప్పూ లేదన్నారు. లేదనే నేనూ అనుకుంటున్నాను. ఇంటికెళ్ళి అత్తకి చెప్పాలి. కొడుకు బతికున్నాడని ముందు చెప్పాలా, కోడలు పోయిందని ముందు చెప్పాలా అని ఆ సోంపేట రోడ్డు మీద సైకిల్ పట్టుకుని నిలబడి ఏడ్చాను.

బావకి పన్నెండో రోజు దాకా చెప్పలేదు. అక్కకి జ్వరం, వేరే వార్డులో ఉంది అని రోజూ అబద్ధం. పన్నెండో రోజు మాస్కులు కట్టుకుని రాజారావూ నేనూ వెళ్ళి చెప్పాం. బావ ఏడవలేదు. తమ్ముణ్ణి బయటికి వెళ్ళమన్నాడు.

"ఆవేళ సౌండు నువ్విన్నావా?" అని అడిగాడు నన్ను.

ఏ సౌండు అన్నాను.

"సాయంత్రం. ఎడం పక్క, నడుమ, కుడి పక్క వచ్చినాది. తరవాత మీ అక్క కాడికెల్లింది. ఆ తరవాత నా కాడికి రావాల గదా. కాసుకోనున్నాను. రానేదు. దాని కాడే ఉండిపోనాది."

అప్పటికి ఈ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. అత్తకి తెలిసింది హోరు వచ్చిందని మాత్రమే, ఎక్కడ ఆగిందో కాదు. అప్పటిదాకా ఆ గదిలోకి బయటివాళ్ళని రానివ్వలేదు కూడా. నేను బావ ముఖంలోకి చూడలేక, "లేదు బావా, నేనేం వినలేదు" అన్నాను. ఆయన నమ్మలేదని నాకు తెలుసు. అయినా ఇప్పటిదాకా ఆ అబద్ధం మార్చలేదు.

నాకు తెలిసిన కారణాలన్నీ వెతికాను. కెపాసిటర్లలో మిగిలిన కరెంటు అన్ని రోజులు నిలవదు. దగ్గర్లో ఏ రేడియో తరంగాలో తగిలాయనుకుంటే వరసగా నాలుగు స్పీకర్లకి ఎలా తిరుగుతాయి? వైరు పీకాక ఎందుకు ఆగలేదు? దిగులుతో నా చెవులే మోగాయనుకుంటే అత్త ఎలా విన్నది? విశాఖపట్నంలో బావ ఎలా విన్నాడు? తోటి మెకానిక్ ఒకడికి చెబితే, పడుకుని రెస్టు తీసుకో అన్నాడు.

ట్రాన్స్‌ఫార్మర్ బాగై వచ్చింది. తగిలించను అన్నాను. బావ ఊరుకోలేదు. ఆయన ఇప్పటికీ బతికే ఉన్నాడు, మా అక్క కిడ్నీతో. నేను వెళ్ళినప్పుడల్లా సాయంత్రం ఆ హోరు పెట్టమంటాడు. ఎడమ, మధ్య, కుడి. వంటగది గుమ్మం మీదకి రాగానే మంచం మీద లేచి కూర్చుని చెయ్యెత్తుతాడు, వెళ్ళిపోతున్న మనిషిని ఉండమన్నట్టు. రెండు సెకన్లు కాగానే అది ఆయన తలాపుకి వచ్చేస్తుంది. "మల్లీ" అంటాడు. మళ్ళీ తిరుగుతుంది.

ఆ రోజు అది అక్క దగ్గర ఎందుకు ఆగిందో నాకు తెలియదు. మళ్ళీ ఒక్కసారి కూడా ఎందుకు ఆగడం లేదో ఆయనకి ఏమని చెప్పాలో అంతకన్నా తెలియదు.