కళ్ళు తుడిచే పని

మా తమ్ముడు పోయినప్పటి నుంచి వాడి కూతురు కరవడం మొదలుపెట్టింది. ఎనిమిదేళ్ళ పిల్ల. బడిలో ముగ్గురి చేతుల మీద పళ్ళ గాట్లు పడ్డాయి. నాలుగోది పడితే టీసీ ఇచ్చేస్తామన్నారు. మా మరదలు హడలిపోయి, ఆదివారం పిల్లను మా మిరప కల్లానికి తీసుకొచ్చింది.

"బావగారూ, మీరు కబుర్లు చెబితే వింటుందండీ."

కబుర్లకు నాకేం కొదవ? పొదిలి దారిలో చిరుతపులి నా బండి ఆపి లిఫ్ట్ అడిగిందని ఊరంతా నమ్మించినవాణ్ణి. పిల్లను కాయల రాశి పక్కన కూర్చోబెట్టుకున్నాను.

"చిన్నప్పుడు నాకు కోపమొస్తే చాలమ్మా, ఎండ లేకుండానే కాయలు గలగల ఎండిపోయేవి. ఓసారి నేను కసిరితే ఎదురింటి గేదె మూడు రోజులు పాలకు బదులు మజ్జిగ ఇచ్చింది!"

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"అయితే నా కోపానికే నాన్న చచ్చిపోయాడా పెదనాన్నా? ఆ రోజు పొద్దున నేను నాన్నతో పచ్చి కొట్టాను, ఇక మాట్లాడనన్నాను."



కాయలు ఏరే ఆడవాళ్ళకు మేస్త్రి ఒకావిడ ఉంది, ప్రత్తిపాడు సాయిబుల ఇంటి మనిషి. తల ఎత్తకుండానే అందుకుంది.

"ఓసి పిచ్చి మొహమా! కోపానికి మనుషులు పోతారా? మా ఆయన మీద నాకున్న కోపానికి ఆయన ఎప్పుడో మాడి మసైపోవాలి. రాయిలా ఉన్నాడు, మూడు పూటలా కోడికూర అడుగుతున్నాడు!" కల్లమంతా గొల్లుమంది. ఆవిడ గొంతు తగ్గించింది. "మీ నాన్న గుండెజబ్బుతో పోయాడమ్మా. నీ వల్ల కాదు. మీ పెదనాన్నవన్నీ కోతలు."

అవునని తలూపాను నేను.

ఆవిడ పిల్ల చేతికి తడిగుడ్డ ఇచ్చింది. కాయలు ఏరే చేత్తో కన్ను ముట్టుకుంటే చచ్చే మంట. అందుకే కంట్లోకి చెమట దిగితే చేతులు దూరంగా పట్టుకుని "కన్ను!" అని కేకేస్తారు. చేతులు శుభ్రంగా ఉన్నవాళ్ళు వచ్చి తుడవాలి. ఆ రోజంతా ఆ పని మా పిల్లది.

మధ్యాహ్నం ఒకమ్మాయి "నీ పళ్ళు బాగా పదునటగా!" అని ఆటపట్టించింది. పిల్ల ముఖం కందిపోయింది.

"ఎక్కడ మండుతోందే?" అంది మేస్త్రి, తాపీగా.

"చెవుల్లో. చేతుల్లో."

"మాకు మండితే ఏం చేస్తాం?"

"ముట్టుకోరు. కేకేస్తారు."

"నువ్వూ అంతే. చేతులు వెనక్కి పెట్టుకో, ఎవర్నో ఒకర్ని పిలువు. మంట పుట్టడం తప్పు కాదమ్మా."

ఇరవై ఏళ్ళుగా ఆవిడకు కాయలు ఏరడమే వచ్చనుకున్నాను. నా తెలివి అంతటిది.

పది రోజులకు బడి నుంచి కబురొచ్చింది. టీసీకేననుకుంటూ మరదలు వెళ్ళింది. ఎవరో పెన్సిల్ డబ్బా లాక్కున్నారట. మా పిల్ల చేతులు వెనక్కి కట్టుకుని పంతులమ్మ దగ్గరికి నడిచి, "టీచర్, చెవులు మండుతున్నాయి, కాసేపు మీ పక్కన నిలబడతాను" అందట. గంట కొట్టేదాకా అక్కడే నిలబడిందట. నిలబడి నాన్న కోసం ఏడ్చిందట, మొదటిసారి.

పంతులమ్మ టీసీ మాట ఎత్తలేదు. ఎప్పుడు కావాలంటే అప్పుడు వచ్చి నిలబడమందట.